పొట్లంలో వచ్చిన బొమ్మ

ఉత్తరానికి అంటిస్తే తపాలావాళ్ళు ఒప్పుకోని స్టాంపులు కొన్ని ఉన్నాయి. చూడ్డానికి అన్నీ సరిగ్గానే ఉంటాయి. చుట్టూ పళ్ళ అంచు, వెనక తడిపితే అంటుకునే జిగురు, ముందు ముచ్చటైన రంగుల బొమ్మ. లేనివి రెండే: దేశం పేరు, తపాలా వెల. వీటిని అచ్చువేసింది తపాలాశాఖ కాదు. చాక్లెట్లు, బిస్కట్లు, కాఫీపొడి అమ్ముకునే కంపెనీలు తమ సరుకుతో పాటు ఉచితంగా పంచినవి ఇవి.

మొదటి ప్రపంచయుద్ధానికి ముందు కొన్నేళ్ళు జర్మనీలో పిల్లలూ పెద్దలూ వీటి వెంట పడ్డారు. వాళ్ళ భాషలో పేరు ‘రెక్లామెమార్కె’, అంటే ప్రకటన స్టాంపు. గోడల మీద నిలువెత్తు పోస్టర్లు గీసే లుడ్విగ్ హోల్వైన్ లాంటి పేరుమోసిన చిత్రకారులు, రెండు వేళ్ళ మధ్య పట్టే ఈ కాగితం ముక్కలకు కూడా బొమ్మలు గీశారు. గోడంత బొమ్మలో ఎంత తూకం ఉంటుందో గోరంత బొమ్మలోనూ అంతే తూకం కనిపిస్తుంది. యుద్ధం వచ్చింది, కాగితానికి కరువొచ్చింది, ఆ సందడి అణగిపోయింది.

స్టాంపుల సేకరణలో ఇలాంటి వాటన్నిటికీ కలిపి ఒక పేరుంది: సిండరెల్లాలు. అసలు బిడ్డల సరసన చోటు దక్కక పొయ్యి మూల కూర్చున్న సవతి కూతురి పేరు. చాలాకాలం పెద్ద సేకర్తలు వీటిని ఆల్బమ్ గుమ్మం తొక్కనివ్వలేదు. 1959లో ఇంగ్లండులో వీటి కోసమే సిండరెల్లా స్టాంప్ క్లబ్ అనే సంఘం పుట్టింది. ఇప్పుడు వీటికి కేటలాగులున్నాయి, వేలంపాటలున్నాయి.

పొట్లంలో స్టాంపు, పొట్లంలో కార్డు, పొట్లం మీద కత్తిరించుకునే బిళ్ళ. రూపం ఏదైనా వంశం ఒక్కటే. అందుకే ఇక్కడ వాటిని విడదీయకుండా ఒకే వరసలో నడిపిస్తున్నాను.

మాంససారం సీసాకు ఆరు బొమ్మలు

యుస్టుస్ ఫాన్ లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త మాంసాన్ని ఉడికించి, వడగట్టి, చిక్కటి లేహ్యంగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. కిలో లేహ్యానికి సుమారు 30 కిలోల మాంసం కావాలి. యూరప్‌లో అంత మాంసం కొని చేస్తే ధర ఎవరికీ అందదు. అదే దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో పశువులను తోలు కోసమే కోసి, మాంసాన్ని చాలావరకు పారేసే రోజులవి. అక్కడి ఫ్రాయ్ బెంటోస్ అనే ఊళ్ళో 1860లలో కార్ఖానా లేచింది. ఆ కార్ఖానా ప్రాంగణాన్ని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కానీ ఇంటింటా లీబిగ్ కంపెనీ పేరు నిలబెట్టింది లేహ్యం ఒక్కటే కాదు, దాంతోపాటు ఇచ్చిన రంగుల కార్డులు. 1870లలో మొదలై 1975 దాకా, నూరేళ్ళ పాటు వచ్చాయి. ఎక్కువగా ఆరు కార్డులు ఒక జట్టు. అలాంటి జట్లు దాదాపు 1,800. రాతి అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో రాయి వాడి, ఒకదాని మీద ఒకటి అద్దేవాళ్ళు. వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడిపోతుంది. అగ్నిపర్వతాలు, సంగీత నాటకాలు, పండ్లు, ఓడలు, దేశదేశాల వేషాలు, అన్నీ వాటిలోకి వచ్చాయి. ఫొటోలు అచ్చువేసిన పుస్తకం సామాన్యుడి ఇంట్లో లేని కాలంలో, ఏనుగెలా ఉంటుందో ఎందరో పిల్లలకు మొదట చూపించింది సూపులో కలుపుకునే సీసాతో వచ్చిన కార్డే.

చిక్కని సలాదిన్

1934లో ఇటలీ రేడియోలో ఒక హాస్యనాటిక మొదలైంది. పేరు ‘నలుగురు మస్కెటీర్లు’. అలెగ్జాండర్ డ్యూమా నవలలోని వీరులను పట్టుకుని, చరిత్రలో ఎక్కడెక్కడివాళ్ళనో వాళ్ళకు ఎదురు తెచ్చి నవ్వించారు రచయితలు నిజ్జా, మొర్బెల్లి. ఖర్చు భరించింది పెరుజీనా చాక్లెట్లు, బుయిటోని పాస్తా. నాటిక జనానికి పట్టేసరికి రెండు కంపెనీలూ అందులోని పాత్రలను 100 బొమ్మలుగా అచ్చువేసి పొట్లాల్లో పెట్టాయి. గీసినవాడు ఆంజెలో బియొలెట్టో. తర్వాతి కాలంలో డాంటే నరకయాత్రను మిక్కీ మౌస్‌తో నడిపించిన ఇటాలియన్ బొమ్మల కథకు బొమ్మలు వేసింది కూడా ఆయనే.

నూరు బొమ్మలూ అంటించిన ఆల్బమ్‌కు ఒక బహుమతి. ఎన్ని ఆల్బమ్‌లు నింపితే అంత పెద్ద బహుమతి. 150 ఆల్బమ్‌లు నింపి పంపితే అప్పుడే మార్కెట్లోకి వచ్చిన ఫియట్ చిట్టికారు, ‘తొపొలీనో’. ఇక్కడే చిక్కు వచ్చింది. 99 బొమ్మలు దొరుకుతున్నాయి, ఒక్కటి మాత్రం దొరకడం లేదు. అది సుల్తాన్ సలాదిన్ బొమ్మ, ‘ఫెరోచె సలాదీనో’, అంటే భీకర సలాదిన్. పెద్దమనుషులు, గుమాస్తాలు, వ్యాపారులు దాని కోసం బేరాలాడారు. 1937లో ‘ఇల్ ఫెరోచె సలాదీనో’ పేరుతో ఏకంగా సినిమా వచ్చింది. చాక్లెట్టు పొట్లంలోని ఒక కాగితం ముక్క పేరు సినిమాకు పెట్టుకోవడం మరెక్కడైనా జరిగిందా అంటే నాకు గుర్తు రావడం లేదు. చివరికి ప్రభుత్వమే కలగజేసుకుని ఇలాంటి పోటీలకు కళ్ళెం వేసింది.

సలాదిన్ కథ విన్నవాళ్ళు మోసం అంటారు. కావాలని ఒక బొమ్మను తక్కువ వేస్తే మోసమే, అనుమానం లేదు. కానీ అన్ని బొమ్మలూ సమానంగా వేసినా ఆల్బమ్ నిండటం ఎంత కష్టమో లెక్క కట్టి చూడండి.

లెక్క చెప్పే మాట

50 బొమ్మల జట్టు అనుకుందాం. పొట్లానికి ఒకటి. అన్నీ సమానంగా కలిపారు. మొత్తం చేరడానికి సగటున ఎన్ని పొట్లాలు కొనాలి? దాదాపు 225. మొదటి 25 బొమ్మలు చకచకా వచ్చేస్తాయి, 34 పొట్లాలు చాలు. మిగిలిన సగానికి 191 పొట్లాలు పడతాయి. ఆఖరి ఒక్క బొమ్మకే సగటున 50 పొట్లాలు. ఎందుకంటే ఇంటికి వచ్చే ప్రతి బొమ్మా అప్పటికే ఉన్నదై ఉండే అవకాశం పెరుగుతూ పోతుంది. సలాదిన్ ఆటలో నూరు బొమ్మలూ సమానంగా ఉన్నా, ఒక్క ఆల్బమ్‌కు 519 పొట్లాలయ్యేవి.

ఈ లెక్క పిల్లలకు తెలియదు, కానీ దానికి విరుగుడు వాళ్ళే కనుక్కున్నారు: మార్చుకోవడం. "నాకిది డబుల్ ఉంది, నీ దగ్గరేముంది?" అనే మాట ఏ భాషలో అయినా బడి గోడ పక్కనే పుట్టి ఉంటుంది. ఒక్కడే కొంటే 225, పదిమంది కలిసి మార్చుకుంటే తలా సగానికి పైగా తగ్గుతాయి. బొమ్మల కట్టలు జేబులో పెట్టుకుని తిరిగిన పిల్లలు సంభావ్యతా శాస్త్రాన్ని స్నేహంతో గెలిచారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

టిన్‌టిన్ బిళ్ళ

బెల్జియంలో 1950లలో పిల్లలు జామ్ సీసాల మీద, చాక్లెట్టు కాగితాల మీద, పాస్తా పొట్లాల మీద ఒక చిన్న గుర్తు కోసం కత్తెర పట్టుకుని వెతికేవాళ్ళు. దాని పేరు ‘టిన్‌టిన్ స్టాంపు’. అప్పటికే బొమ్మల కథల వీరుడు టిన్‌టిన్ పేరుతో 1946 నుంచి వారపత్రిక వస్తోంది. ఆ పత్రికవాళ్ళే సరుకుల కంపెనీలను కూడగట్టి ఈ ఏర్పాటు చేశారు. కత్తిరించిన బిళ్ళలు కొన్ని పోగుచేసి పంపితే బొమ్మల కార్డులు ఇంటికొచ్చేవి. ‘చూసి తెలుసుకో’ అనే అర్థం వచ్చే పేరుతో ఉన్న ఆ వరసలో రైళ్ళు, విమానాలు, ఓడలు, మోటారుకార్ల చరిత్ర ఉంటుంది. టిన్‌టిన్ సృష్టికర్త ఎర్జే బృందంలోని చిత్రకారులు ఒక్కో యంత్రాన్ని ఆధారాలు చూసుకుని గీశారు. ప్రతి కార్డులోనూ టిన్‌టిన్ ఆ కాలపు బట్టలు వేసుకుని ఒక పక్కన నిలబడతాడు. పిల్లవాడి కన్ను మొదట అతని మీద పడుతుంది, అక్కణ్ణించి ఇంజను మీదికి వెళుతుంది.

బ్రూక్ ఉన్నాడు, బాండ్ లేడు

మన ఇళ్ళలో టీ అంటే గుర్తొచ్చే పేర్లలో బ్రూక్‌బాండ్ ఒకటి. 1869లో మాంచెస్టర్‌లో కొట్టు తెరిచినవాడు ఆర్థర్ బ్రూక్. బాండ్ అనే భాగస్వామి ఎవరూ లేరు. పేరు పలకడానికి బాగుంటుందని, కొనేవాళ్ళకు తాను ఇచ్చే మాటలా ఉంటుందని చేర్చుకున్నాడు.

ఆ కంపెనీ ఇంగ్లండులో టీ పొట్లాల మీద ‘డివిడెండ్’ స్టాంపులు పెట్టింది. కత్తిరించి కార్డుకు అంటించాలి. కార్డు నిండితే కొట్టువాడు డబ్బులిస్తాడు. అంటే ఇది అందం కోసం దాచుకునేది కాదు, ఇల్లాలి చిల్లర పొదుపు. 1930లలో పేదల ఇళ్ళలో ఆ కార్డు నిండే రోజు కోసం ఎదురుచూశారు.

1954 నుంచి అదే కంపెనీ పొట్లంలో బొమ్మల కార్డులు పెట్టడం మొదలుపెట్టింది. మొదటి జట్టు బ్రిటన్ పక్షులు, 20 కార్డులు. 1957లో పక్షుల బొమ్మల పని చార్లెస్ టన్నిక్లిఫ్ చేతికి వచ్చింది. వేల్స్ దేశపు ఆంగ్లెసీ దీవిలో ఒక నదీముఖం ఒడ్డున కాపురముండి, కిటికీలోంచి బాతులను, కొంగలను చూస్తూ ఏళ్ళ తరబడి గీసినవాడాయన. చనిపోయిన పక్షి దొరికితే రెక్క విప్పి, ఈకకు ఈక కొలిచి, అసలు పరిమాణంలో గీసి పెట్టుకునేవాడు. అంత కొలిచి గీసిన చెయ్యి, అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన కార్డు మీద కూడా బద్ధకించలేదు. 1962లో వచ్చిన ఆసియా వన్యమృగాల జట్టు కూడా ఆయనదే. అంటే మన అడవుల జంతువులు ఇంగ్లండు పిల్లల వంటింటి బల్ల మీదికి టీ పొట్లంలో కూర్చుని వెళ్ళాయి.

1963లో ‘ప్రమాదంలో ఉన్న వన్యప్రాణులు’ అనే జట్టు వచ్చింది. దానికి బొమ్మలు వేసింది పీటర్ స్కాట్. ప్రపంచ వన్యప్రాణి నిధి స్థాపకుల్లో ఒకడు, దాని పాండా గుర్తును గీసినవాడు. జంతువులు అంతరించిపోతున్నాయనే మాట ఇంకా పత్రికల మొదటి పేజీలకు ఎక్కని రోజుల్లో, టీ తాగే ఇంటింటికీ ఆ మాట చేర్చిన కార్డులివి. 1999లో బ్రూక్‌బాండ్ కార్డులు ఆగిపోయాయి.

ఇందాకటి లెక్క ఇక్కడ వేసి చూస్తే, 50 కార్డుల జట్టుకు 225 పావు పౌను పొట్లాలు. దగ్గర దగ్గర 25 కిలోల టీపొడి! ఎదురింటివాళ్ళను, మేనత్తను, బడిలో పంతులమ్మను అడగక తప్పని వ్యవహారం.

వంటసోడా డబ్బాలో పిచ్చుకలు

అమెరికాలో ఆర్మ్ అండ్ హ్యామర్ వంటసోడా డబ్బాలో 1888 నుంచి కార్డులు వచ్చాయి. వాటిలో పేరు మిగిలింది ‘ఉపయోగపడే పక్షులు’ జట్లకు. ముందువైపు పక్షి, వెనకవైపు అది ఏ పురుగులు తింటుంది, రైతుకు ఏం మేలు చేస్తుంది అనే నాలుగు ముక్కలు, పక్షులను చంపవద్దని ఒక వేడుకోలు. టోపీల్లో ఈకలు పెట్టుకోవడానికి పక్షులను లక్షల్లో చంపుతున్న కాలమది. ఆ వేడుకోలు అట్టముక్క మీద ఉన్నా దానికి బరువుంది.

ఆ పక్షులను గీసినవాడు లూయీ అగాసీ ఫ్యూర్టెస్. అమెరికా పక్షి చిత్రకారుల్లో ఆడుబాన్ తర్వాత చెప్పుకునే పేరు. 1927లో ఆయన అబిసీనియా యాత్ర నుంచి తిరిగొచ్చాడు. ఆ ఆగస్టులో భార్యతో కారులో వెళుతుంటే రైలు గేటు దగ్గర రైలు గుద్దింది. ఫ్యూర్టెస్ అక్కడే పోయాడు. కారులో ఉన్న అబిసీనియా పక్షుల బొమ్మలు మాత్రం దూరంగా ఎగిరిపడి చెక్కుచెదరకుండా దొరికాయి.

పాకం మరకలు

క్రాకర్ జాక్ అంటే బెల్లంపాకం లాంటి పాకం పట్టిన మొక్కజొన్న పేలాలు, వేరుశెనగలు. 1914లో ఆ పెట్టెలో బేస్‌బాల్ ఆటగాళ్ళ కార్డులు పెట్టారు, మొత్తం 144. పల్చటి కాగితం, పాకం పక్కనే ఉంటుంది, అంటుకోకుండా ఎలా ఉంటుంది? ఇప్పుడు దొరికే 1914 కార్డుల్లో చాలావాటి మీద పాకం మరకలుంటాయి. మరుసటేడు 176 కార్డులు వేసి, కూపన్లు పంపినవాళ్ళకు మొత్తం జట్టును టపాలో పంపే ఏర్పాటు చేశారు. అందుకే 1915వి శుభ్రంగా దొరుకుతాయి. నూరేళ్ళ కిందటి వేలిముద్రలూ తీపీ అంటుకున్న మరక కార్డే నా కళ్ళకు అందంగా ఉంటుంది. ధర కట్టేవాళ్ళు మాత్రం శుభ్రమైనదానికే ఎక్కువ కడతారు.

స్టాంపంత నేల

1955లో క్వేకర్ ఓట్స్ కంపెనీ మరమరాలు, గోధుమ పేలాల పెట్టెల్లో భూమి పట్టా పెట్టింది. కెనడా వాయవ్య కొసన యూకన్ ప్రాంతంలో ఒక్క చదరపు అంగుళం నేల. తపాలా స్టాంపు పరిచినంత. అంచున నగిషీ, ముద్ర, వరస నంబరు, అచ్చం దస్తావేజులాగే ఉంటుంది. ఇలాంటివి 2 కోట్ల 10 లక్షలు అచ్చయ్యాయి. అందుకోసం డాసన్ నగరం దగ్గర నిజంగానే 19 ఎకరాలు కొన్నారు. పన్ను కట్టకపోవడంతో 1965లో ఆ నేలను కెనడా ప్రభుత్వం తీసేసుకుంది. బాకీ 37 డాలర్ల 20 సెంట్లు. పట్టాలు పెట్టెల్లో దాచుకున్న పిల్లలు పెద్దవాళ్ళై, తమ అంగుళం సంగతి అడుగుతూ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాశారు.

మన వీధుల్లో

మన దగ్గర ఈ ముచ్చట అగ్గిపెట్టెతో మొదలైంది. అగ్గిపెట్టె మీది బొమ్మను జాగ్రత్తగా చించి, పొడిగా ఆరబెట్టి, బచ్చాలాట ఆడుకున్నారు పిల్లలు. కొత్త బొమ్మ బచ్చాకు పాతవి నాలుగు. తర్వాత గోల్డ్‌స్పాట్ సీసా మూత లోపల జంగిల్‌బుక్ పాత్రలొచ్చాయి. ఆ తర్వాత చిప్స్ పొట్లాల్లో టాజోలు, వాటిమీద పోకెమాన్ బొమ్మలు. కాగితం బొమ్మ దొరికినప్పుడు మా ఇంట్లో జిగురు సీసా ఉండేది కాదు. కంచంలోంచి ఒక అన్నం మెతుకు తీసి, బొమ్మ వెనక నాలుగు మూలలా మెదిపి, నోటు పుస్తకంలో పెట్టి అరచేత్తో అదిమేవాళ్ళం. మెత్తని అన్నమైతే ఉబ్బు లేకుండా అంటుకుంటుంది. పలుకు మిగిలితే ఆ చోట కాగితం మీద పొక్కు తేలుతుంది. వానాకాలంలో ఆ మెతుకు కోసం చీమలు వచ్చేవి.

బిస్కట్లూ ఒక చెరువూ

ఇప్పటిదాకా చెప్పినవాటన్నిటి కంటే నా మనసుకు దగ్గరైనది హాలండ్ కథ.

యాకోబస్ పీటర్ టైసె ఆమ్‌స్టర్‌డామ్‌లో బడిపంతులు. పిల్లలను కాలవగట్ల వెంట తిప్పి, మొక్కల పేర్లు, పురుగుల పేర్లు చెప్పేవాడు. 1904లో ఆమ్‌స్టర్‌డామ్ నగరసభ ఊరి చెత్త పోయడానికి చోటు వెతుకుతూ, దగ్గర్లోని నార్డర్‌మీర్ అనే చెరువును ఎంచుకుంది. రెల్లు దుబ్బులతో నిండిన ఆ చెరువు తెడ్డుమూతి కొంగలు గూళ్ళు పెట్టే చోటు. టైసె పత్రికల్లో రాశాడు, మనుషులను కూడగట్టాడు. నగరసభలో ఆ ప్రతిపాదన వీగిపోయింది. అయితే ఈసారి తప్పింది, మళ్ళీ రాదని నమ్మకమేముంది? 1905లో ఆయనా మిత్రులూ కలిసి ప్రకృతి స్థలాలను కాపాడే సంఘం పెట్టారు. 1906లో ఆ సంఘం చెరువును ఏకంగా కొనేసింది. అది హాలండ్‌లో మొదటి రక్షిత ప్రకృతి స్థలం.

అదే 1906లో జాన్‌డామ్ ఊరి ఫెర్‌కాడే బిస్కట్ల కంపెనీ కోసం టైసె ఒక పుస్తకం రాశాడు. పేరు ‘వసంతం’. పుస్తకం నిండా మాటలున్నాయి కానీ బొమ్మలుండాల్సిన చోట ఖాళీ చట్రాలు, కింద నంబర్లు. బొమ్మలు రస్కుల పొట్లాల్లో, బిస్కట్ల పొట్లాల్లో వస్తాయి. వచ్చినవాటిని ఏ చట్రంలో అంటించాలో చూసుకోవాలంటే పక్కనున్న వాక్యం చదవక తప్పదు. మరుసటి మూడేళ్ళూ వేసవి, శరత్తు, శీతాకాలం వరసగా వచ్చాయి. 1912లో ఆ చెరువు పేరుతోనే ‘నార్డర్‌మీర్’ అనే పుస్తకం వచ్చింది.

మిగతా కంపెనీలు బొమ్మకు వెనక నాలుగు ముక్కలు రాయించాయి. ఇక్కడ ముందు పుస్తకం ఉంది, తర్వాతే బొమ్మ. రాసినవాడు చూసి రాశాడు. ఫలానా పువ్వు ఫలానా గట్టు మీద ఏ నెలలో పూస్తుందో చెప్పి, వెళ్ళి చూడమన్నాడు. పిల్లలు వెళ్ళారు. ఒక తరం డచ్చివాళ్ళకు తమ ఊరి పక్షుల పేర్లు బిస్కట్ పొట్లంలోంచి తెలిశాయి. టైసె 1945లో పోయాడు. ఆయన పెట్టిన సంఘం ఇప్పటికీ ఉంది, చెరువూ ఉంది.

తెడ్డుమూతి కొంగ హాలండ్‌కే చెందిన పక్షి కాదు. అదే జాతి మన నేలపట్టు పక్షుల చెరువులోనూ ఉంది. చలికాలంలో చెరువుగట్టు మీద నిలబడితే నీటి కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, వాటి మధ్య తెల్లగా ఇవీ కనిపిస్తాయి. ఆ పక్షుల రెట్ట కలిసిన నీళ్ళు పొలానికి ఎరువని అక్కడి రైతులు వాటి జోలికి ఎవరినీ వెళ్ళనివ్వరు. కొంగ నీళ్ళలో దిగి, గరిటె లాంటి ముక్కును సగం తెరిచి, ముంచి, కొడవలి తిప్పినట్టు అటూ ఇటూ తిప్పుతూ ముందుకు నడుస్తుంది. ముక్కులో చేప తగలగానే మూసేస్తుంది, తల ఎత్తి మింగి, మళ్ళీ ముంచుతుంది.